కంపెనీ పేరు, ఉద్యోగి డబ్బు: అమెరికా ఎన్నికల విరాళాల లెక్కలు ఎలా చదవాలి?

2008లో బరాక్ ఒబామా అధ్యక్షుడిగా గెలిచాక ఒక జాబితా బాగా తిరిగింది. ఆయన ప్రచారానికి ఎక్కువ డబ్బు "ఇచ్చిన" సంస్థల జాబితా అది. పైవరుసల్లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, న్యూయార్క్ బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్, హార్వర్డ్, మైక్రోసాఫ్ట్, గూగుల్ పేర్లు ఉన్నాయి. చాలామందికి గోల్డ్‌మన్ పేరు ఒక్కటే కనిపించింది. వాల్‌స్ట్రీట్, అంటే పెద్ద బ్యాంకుల లోకం, ఒబామాను కొనేసిందని వాదించినవాళ్ళందరికీ అదే సాక్ష్యమైంది. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే గోల్డ్‌మన్ శాక్స్ ఆయన ప్రత్యర్థి మిట్ రామ్నీ జాబితాలో పైకెక్కింది.

నిజానికి అనుమానం రావాల్సింది గోల్డ్‌మన్ దగ్గర కాదు, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దగ్గర. అది ప్రభుత్వ యూనివర్సిటీ. ప్రభుత్వ యూనివర్సిటీ ఒక అభ్యర్థికి చెక్కు రాస్తుందా? రాయదు, రాయలేదు కూడా. ఆ యూనివర్సిటీలో పనిచేసే ప్రొఫెసర్లు, డాక్టర్లు, గుమాస్తాలు ఎవరికి వాళ్ళు ఇచ్చుకున్న చందాలన్నీ కలిపి, వాళ్ళ యజమాని పేరు కింద కూడిన మొత్తం అది. కంపెనీల పేర్లకు ఎదురుగా ఉన్న అంకెలూ దాదాపు అంతే. జాబితా తయారుచేసినవాళ్ళు "సంస్థలు స్వయంగా ఇచ్చిన డబ్బు కాదు" అని కింద చిన్న అక్షరాల్లో రాశారు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ముందు తెగిపోయేది ఆ కింది లైనే.

మొత్తాల పరిమాణం కూడా చూడాలి. గోల్డ్‌మన్ పేరు కింద ఒబామాకు చేరింది సుమారు 10 లక్షల డాలర్లు. ఆ ఎన్నికల్లో ఆయన ప్రచారం సేకరించింది దాదాపు 75 కోట్ల డాలర్లు. అంటే ప్రతి వెయ్యి డాలర్లలో డాలరున్నర కూడా లేదు.

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇదే గందరగోళం. "ఫలానా టెక్ కంపెనీ ఫలానా పార్టీకి ఇన్ని లక్షలు ఇచ్చింది" అన్న వార్త వస్తుంది, ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళకు బంధువుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆ వాక్యంలో "ఇచ్చింది" అన్న క్రియకు కర్త ఎవరన్నదే అసలు చిక్కు.

ఒక కంపెనీ పేరు వెనక మూడు జేబులు

మొదటిది ఉద్యోగి సొంత జేబు. జీతం చేతికొచ్చాక అందులోంచి తనకు నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకునే డబ్బు. 2025-26 ఎన్నికల సైకిల్లో ఒక మనిషి ఒక ఫెడరల్ అభ్యర్థికి (అంటే అధ్యక్ష పదవికో, కాంగ్రెస్‌కో పోటీ చేసేవాళ్ళకు) ఒక ఎన్నికకు గరిష్ఠంగా 3,500 డాలర్లు ఇవ్వొచ్చు. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఒక ఎన్నిక, నవంబరులో జరిగేది మరో ఎన్నిక, కాబట్టి రెండూ కలిపి 7,000. కంపెనీకి ఇందులో చెప్పడానికేమీ లేదు.

రెండోది కంపెనీ పేరుతో నడిచే పొలిటికల్ యాక్షన్ కమిటీ, అందరూ పీఏసీ అనేది. ఇందులోని డబ్బు కూడా ఉద్యోగులదే, వాటాదారులదే. వాళ్ళు స్వచ్ఛందంగా వేసిన చందాలతో నిధి ఏర్పడుతుంది. ఒక మనిషి ఏడాదికి 5,000 డాలర్లకు మించి వేయకూడదు. అయితే ఆ నిధిని ఎవరికి పంచాలో తేల్చేది కంపెనీ నియమించిన కమిటీ. నిధి నడపడానికయ్యే జీతాలు, ఆఫీసు ఖర్చులు కంపెనీ తన ఖజానా నుంచి భరించవచ్చు. బాగా నిలదొక్కుకున్న పీఏసీ ఒక అభ్యర్థికి ఎన్నికకు 5,000 డాలర్ల దాకా ఇవ్వగలదు.

మూడోది కంపెనీ ఖజానా. ఫెడరల్ అభ్యర్థికి ఇందులోంచి ఒక్క డాలరు కూడా నేరుగా వెళ్ళకూడదు. 1907 నాటి టిల్‌మన్ చట్టం నుంచీ ఈ నిషేధం ఉంది. 2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ కేసులో ఇచ్చిన తీర్పు దీన్ని ఎత్తేసిందని చాలామంది అనుకుంటారు, కానీ ఎత్తేయలేదు. అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా పెట్టే ప్రచార ఖర్చుకు మాత్రం ఆ తీర్పు తలుపులు తెరిచింది. అదే ఏడాది మరో కోర్టు తీర్పుతో, ఇలా విడిగా ఖర్చు పెట్టడానికే నడిచే సూపర్ పీఏసీలు పుట్టాయి. వాటికి కంపెనీలైనా, వ్యక్తులైనా ఎంతైనా ఇవ్వొచ్చు. ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలకు మాత్రం ఆ దారి కూడా లేదు. ఇక రాష్ట్రాల ఎన్నికలకు ఎవరి చట్టం వాళ్ళది. వర్జీనియాలోనైతే కంపెనీ నేరుగా అభ్యర్థికే ఇచ్చినా అడ్డు లేదు.

పత్రికల్లో, సోషల్ మీడియాలో కనిపించే "కంపెనీ ఇచ్చింది" అన్న మాట ఈ మూడింట్లో దేన్నైనా సూచించవచ్చు. ఒక్కోసారి మూడూ కలిపేసి చెబుతారు.

ఫారంలో "యజమాని" గడి ఎందుకుంది?

విరాళం ఇచ్చేటప్పుడు నింపే ఫారంలో దాత ఎక్కడ పనిచేస్తున్నాడో, అంటే యజమాని పేరు, రాయడానికి ఒక గడి ఉంటుంది. అదెందుకో ఒక పాత కథ చెబుతుంది. జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ పేరు బేస్‌బాల్ చూసేవాళ్ళకు తెలుసు, న్యూయార్క్ యాంకీస్ జట్టు యజమాని. ఆయనకు ఓడలు కట్టే కంపెనీ కూడా ఉండేది, అమెరికన్ షిప్‌బిల్డింగ్. 1972లో రిచర్డ్ నిక్సన్ ప్రచారానికి డబ్బు ఇవ్వాలి, కంపెనీ డబ్బు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం: నమ్మకమైన కొందరు ఉద్యోగులకు బోనస్ అని చెప్పి డబ్బు ఇప్పించడం, వాళ్ళు ఆ డబ్బును తమ సొంత విరాళంగా ప్రచారానికి పంపడం. కాగితం మీద చూస్తే కొందరు పౌరులు తమ అభిమాన నాయకుడికి చందా ఇచ్చారు. అసలు సంగతి చూస్తే డబ్బంతా కంపెనీది. నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం దర్యాప్తులో ఇది బయటపడింది. 1974లో ఆయన నేరం ఒప్పుకున్నారు, జరిమానా కట్టారు. చివరికి 1989లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ క్షమాభిక్ష ఇచ్చారు.

మనం బినామీ అనేది సరిగ్గా ఇదే. ఇంకొకరి పేరు మీద విరాళం ఇవ్వడం అమెరికా ఎన్నికల చట్టంలో నేరం. బోనస్ రూపంలో ఇచ్చినా, ఖర్చుల బిల్లులో కలిపి ఇచ్చినా, ముందు ఇచ్చినా, తర్వాత తిరిగి చెల్లించినా తేడా లేదు. ఒకే కంపెనీలో పనిచేసే పది మంది ఒకే రోజు, ఒకే మొత్తం, ఒకే అభ్యర్థికి ఇచ్చారనుకోండి. యజమాని పేరు రాసి ఉంటేనే ఆ పోలిక కంటపడుతుంది. ఆ గడి చేసే పనుల్లో ఇదొకటి.

కానీ ఇదొక్కటే కాదు. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు విరాళాల వివరాలు బయటపెట్టడాన్ని సమర్థిస్తూ మూడు కారణాలు చెప్పింది. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే అభ్యర్థి రేపు ఎవరి మాట వినే అవకాశం ఉందో ఓటరు అంచనా వేసుకోగలడు. బహిరంగంగా తెలిసిపోతుందన్న భయం అవినీతిని కొంత అడ్డుకుంటుంది. పరిమితులు దాటినవాళ్ళను పట్టుకోవడానికి లెక్కలు కావాలి. కాబట్టి యజమాని పేరును బట్టి పరిశ్రమల మొగ్గు చూసేవాళ్ళు గడిని దుర్వినియోగం చేస్తున్నారని కొట్టిపారేయలేం. మొదటి కారణం వాళ్ళ పక్షమే. ఆ అంకె ఎంత దూరం మోయగలదన్నదే ప్రశ్న.

రెండు వందల డాలర్ల గీత

ఒక ఉద్యోగిని ఒక సెనెట్ అభ్యర్థికి నెలకు 25 డాలర్లు పంపుతోందనుకుందాం. ఎనిమిది నెలలకు 200 అవుతుంది. చట్టం అడిగేది 200 "దాటిన" విరాళాలనే కాబట్టి ఇంకా గీత ఇవతలే ఉంది. తొమ్మిదో నెల 225. అప్పుడు ఆ అభ్యర్థి ప్రచార కమిటీ తన నివేదికలో ఆమె పేరు, చిరునామా, వృత్తి, యజమాని పేరు విడిగా రాసి ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు, అంటే ఎఫ్ఈసీకి పంపాలి. ఎఫ్ఈసీ దాన్ని తన వెబ్‌సైట్లో పెడుతుంది. ఎవరైనా, యజమాని పేరు కొట్టి కూడా, వెతకవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది, ఇచ్చేవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆమె ఆ 25 డాలర్లను డెమోక్రాట్ల వైపు యాక్ట్‌బ్లూ ద్వారానో, రిపబ్లికన్ల వైపు విన్‌రెడ్ ద్వారానో పంపితే గీతతో పనే లేదు. ఆ వేదికలు మధ్యవర్తుల కింద లెక్క. తమ చేతుల మీదుగా అభ్యర్థికి వెళ్ళిన ప్రతి విరాళాన్నీ, ఎంత చిన్నదైనా, దాత పేరుతో చూపిస్తాయి. చిన్న మొత్తమే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని ఐదు డాలర్లు పంపినా యజమాని పేరుతో సహా లెక్కల్లో కనిపిస్తుంది.

ఈ 200 అంకె 1979 నాటిది. దాతలు ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని మాత్రం 2002 చట్టం తర్వాత ధరల పెరుగుదలను బట్టి సవరిస్తూ వచ్చారు, 200 గీత కదల్లేదు. అప్పట్లో కాస్త ఉన్నవాళ్ళ విరాళాలను మాత్రమే పట్టే వల ఇప్పుడు మామూలు ఉద్యోగులనూ పడుతోంది. ఇది మంచిదా కాదా అన్నది ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది.

గడిలో రాసేది దాత ఇష్టం. ప్రచార కమిటీ కోశాధికారి వివరం రాబట్టడానికి తన వంతు గట్టి ప్రయత్నం చేయాలి, అడిగిన రుజువులు ఉంచుకోవాలి. అంతకుమించి నిజమా కాదా అని ఎవరూ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోరు. దాంతో ఒకరు "గూగుల్" అని రాస్తారు, ఇంకొకరు "ఆల్ఫబెట్", మరొకరు "గూగుల్ ఎల్ఎల్‌సీ", ఇంకెవరో అక్షరం తప్పుతో. కాంట్రాక్టు మీద వచ్చి అదే బిల్డింగులో కూర్చునే మనిషి ఒక్కోసారి తన సొంత కన్సల్టెన్సీ పేరు రాస్తాడు, ఒక్కోసారి పనిచేసే చోటు పేరు. రిటైరైన మేనేజరు "రిటైర్డ్" అని రాస్తే పాత కంపెనీ లెక్కలోంచి జారిపోతాడు. ఓపెన్‌సీక్రెట్స్ లాంటి సంస్థలు ఈ గజిబిజినంతా సరిచేసి, పిల్ల కంపెనీలను తల్లి కంపెనీ కింద చేర్చి పట్టికలు వేస్తాయి. పని మంచిదే, కానీ ఎవరిని ఎవరి కింద కలపాలన్న నిర్ణయం ప్రతిచోటా మనిషి తీసుకున్నదే.

ఒకే కంపెనీ, మూడు హెడ్డింగులు

ఒక ఉదాహరణ వేసుకుందాం. పదివేల మంది పనిచేసే ఒక కంపెనీ, ఊహించుకున్నదే. అధ్యక్ష ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థులు, ఎ, బి.

300 మంది ఉద్యోగులు సగటున 400 డాలర్ల చొప్పున ఎ కి ఇచ్చారు: 1,20,000. మరో 40 మంది సగటున వెయ్యి చొప్పున బి కి ఇచ్చారు: 40,000. కంపెనీ వ్యవస్థాపకుడు ఒక్కడే బి ని సమర్థించే సూపర్ పీఏసీకి 20 లక్షలు ఇచ్చాడు. కంపెనీ పీఏసీ రెండు పార్టీల్లోనూ కలిపి 30 మంది కాంగ్రెస్ సభ్యులకు తలా 5,000 ఇచ్చింది: 1,50,000.

"కంపెనీ ఉద్యోగులు ఎ వైపే" అని రాస్తే తప్పు కాదు. ఇచ్చిన 341 మందిలో 300 మంది అటే, అంటే 88 శాతం. "కంపెనీ డబ్బులో 94 శాతం బి వైపు" అని రాసినా కూడిక తప్పు కాదు. అధ్యక్ష పోటీకి వెళ్ళిన 21,60,000లో 20,40,000 అటే చేరింది. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన కంపెనీ" అని పీఏసీ లెక్క చూపించి రాసినా ఆధారం ఉంది. మూడూ ఒకే రోజు, ఒకే సమాచారం నుంచి రావచ్చు. మూడు హెడ్డింగుల్లోనూ కనిపించని సంగతి ఒకటుంది: పదివేల మందిలో 9,659 మంది పేరు అధ్యక్ష పోటీ లెక్కల్లో ఎక్కడా లేదు.

ఆ వ్యవస్థాపకుడు మరీ కల్పన అనిపిస్తే 2024 గుర్తుచేసుకోవచ్చు. ఆ ఎన్నికల్లో ఇలాన్ మస్క్ ఒక్కరే 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు, అందులో ఎక్కువ భాగం తన సొంత సూపర్ పీఏసీలోనే. ఇంత మొత్తం ఏ కంపెనీ పేరు కింద కూడితే ఆ కంపెనీ ఇంజనీర్లు, వెల్డర్లు, అకౌంటెంట్లు ఏమనుకుంటున్నారో పట్టికలో ఇక కనబడదు. 2025 జనవరిలో ఇంకో రకం చూశాం. ట్రంప్ ప్రమాణస్వీకార కమిటీకి మెటా, అమెజాన్ లాంటివి కంపెనీలుగానే తలా 10 లక్షల డాలర్లు ఇచ్చాయి. ప్రమాణస్వీకారం ఎన్నికల ప్రచారం కాదు కాబట్టి కంపెనీ డబ్బుకు అక్కడ అడ్డు లేదు. యాపిల్ సీఈఓ టిమ్ కుక్ కూడా 10 లక్షలే ఇచ్చారు, అయితే సొంత డబ్బు. అంకె ఒకటే, జేబు వేరు. ఆయన ఇచ్చింది టిమ్ కుక్‌గానా, యాపిల్ అధిపతిగానా అన్నది ఏ ఫారమూ చెప్పలేదు.

ఉద్యోగుల మొగ్గు కంపెనీ మొగ్గేనా?

కాదనేవాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. ఉద్యోగి ఓటు, ఉద్యోగి మతం, ఉద్యోగి చందా కంపెనీవి కావు. పెద్ద టెక్ కంపెనీల ఉద్యోగుల విరాళాలు చాలా ఏళ్ళుగా ఎక్కువగా డెమోక్రాట్లకే వెళ్ళాయి, అదే కంపెనీల పీఏసీలు రెండు పార్టీలకూ పంచాయి. ఉద్యోగుల రాజకీయాలే కంపెనీ రాజకీయాలైతే ఈ తేడా రాకూడదు. పైగా ఎక్కువ జీతాలిచ్చే, పెద్ద నగరాల్లో ఉండే పెద్ద కంపెనీ ఏదైనా ఈ జాబితాల్లో పైకొస్తుంది. అందులో ఊరి పాత్ర ఎంత, చదువు పాత్ర ఎంత, కంపెనీ పాత్ర ఎంత అన్నది పట్టిక విడదీయదు.

అవుననేవాళ్ళ దగ్గరా సరుకు లేకపోలేదు. ఒకే సంస్థలోని పై స్థాయి అధికారులు, వాళ్ళ భార్యలు, భర్తలు అందరూ ఒకే వారంలో గరిష్ఠ మొత్తం ఇచ్చారంటే దాన్ని విడివిడి పౌరుల ఇష్టాల కూడిక అనుకోవడం కష్టం. నిధుల సేకరణ విందులు అలాగే జరుగుతాయి. ఒకరు పూనుకుని తోటివాళ్ళ చెక్కులన్నీ పోగుచేస్తారు, ఆ పోగుచేసిన మనిషి ఎవరో అభ్యర్థికి తెలుస్తుంది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ఇంకో సంగతి చూపింది: సీఈఓ సమర్థించని అభ్యర్థులతో పోలిస్తే సీఈఓ సమర్థించిన అభ్యర్థులకు ఉద్యోగులు సుమారు మూడు రెట్లు ఎక్కువ ఇస్తున్నారు. సీఈఓ మారినప్పుడు కూడా ఆ సంబంధం కనిపించింది. భయమా, అభిమానమా, పరిశ్రమ ప్రయోజనం ఇద్దరికీ ఒకటే కావడమా, ఏదైనా కావచ్చు.

నా మటుకు నాకు, పట్టికను చదవడంలో తప్పులేదు గానీ మొత్తం ఒక్కటే చూసి ఆగిపోవడం తప్పు. ఎంతమంది ఇచ్చారు, వాళ్ళు ఏ హోదాల్లో ఉన్నారు, తేదీలు దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్న మూడు విషయాలు ఆ పెద్ద అంకె కంటే ఎక్కువ చెబుతాయి. నర్సులు, టీచర్లు ఏడాది పొడుగునా ఇరవైలు, ముప్ఫైలు ఇస్తే వచ్చిన లక్ష ఒక రకం. ఒక్క సాయంత్రం ముప్ఫై మంది డైరెక్టర్లు ఇచ్చిన లక్ష ఇంకో రకం.

పీఏసీ ఉత్తరం వచ్చినప్పుడు

"మా పీఏసీకి కంపెనీ డబ్బు ఒక్క పైసా కూడా రాదు, అంతా ఉద్యోగుల స్వచ్ఛంద విరాళాలే" అని కంపెనీలు గర్వంగా చెప్పుకుంటాయి. మాట నిజమే. స్వచ్ఛందం అన్న పదాన్ని కాపాడటానికి నియమాలూ ఉన్నాయి. కంపెనీ ఎప్పుడంటే అప్పుడు చందా అడగగలిగేది వాటాదారులను, మేనేజర్లు, వృత్తి నిపుణుల స్థాయి ఉద్యోగులను, వాళ్ళ కుటుంబాలను మాత్రమే. మిగతా ఉద్యోగులను ఏడాదికి రెండుసార్లే అడగాలి, అదీ ఇంటికి ఉత్తరం రాసి. అలా అడిగినప్పుడు ఎవరు ఇవ్వలేదో, ఎవరు చిన్న మొత్తం ఇచ్చారో కంపెనీకి తెలియకుండా ఏర్పాటు చేయాలి. ఇవ్వకపోయినా ఏ నష్టమూ జరగదని చెప్పి తీరాలి.

ఇన్ని చెప్పినా, ఏటా అప్రైజల్ చేసే బాసు సంతకంతో "మీ ఇష్టమే సుమా" అన్న మెయిల్ వస్తే చదివేవాళ్ళకు కొంచెం టెన్షన్ ఉండదా? చట్టం బెదిరింపును ఆపగలదు, మొహమాటాన్ని ఆపలేదు.

రెండో గొడవ, డబ్బు ఇచ్చేది ఒకరు, పంచేది ఇంకొకరు కావడం. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనం మీద దాడి జరిగాక ఇది బాగా ముదిరింది. ఎన్నికల ఫలితాన్ని ధ్రువీకరించడానికి వ్యతిరేకంగా ఓటేసిన సభ్యులకు తమ చందా వెళ్ళిందని చాలా కంపెనీల ఉద్యోగులు నిలదీశారు. ఎన్నో పీఏసీలు చెల్లింపులు ఆపేశాయి. మైక్రోసాఫ్ట్ ఆ ఫిబ్రవరిలో, అలా ఓటేసినవాళ్ళకు 2022 ఎన్నికలయ్యేదాకా ఏమీ ఇవ్వబోమని ప్రకటించింది. పీఏసీల పక్షాన మాట్లాడేవాళ్ళు చెప్పేదేమిటంటే, చట్టం రాసే చోట ఇరు పార్టీలవాళ్ళనూ కలవగలగడం కంపెనీకి అవసరం, దానివల్ల ఉద్యోగం చేసేవాళ్ళకూ మేలే. యాపిల్ మాత్రం అసలు పీఏసీ పెట్టుకోకుండానే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

పేరు బయటపడితే

బ్రెండన్ ఐక్ వెబ్‌సైట్లకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ సృష్టికర్త. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిషేధించే 8వ ప్రతిపాదనకు మద్దతుగా వెయ్యి డాలర్లు ఇచ్చారు. అది ఫెడరల్ ఎన్నిక కాదు, రాష్ట్ర ప్రజాభిప్రాయ సేకరణ. కాలిఫోర్నియా చట్టం 100 డాలర్ల దగ్గరే దాత పేరు, యజమాని పేరు బయటపెడుతుంది. ఐక్ పేరు పక్కన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా అని ఉంది. ఆరేళ్ళ తర్వాత, 2014 మార్చిలో ఆయన్ను మొజిల్లా సీఈఓగా నియమించగానే ఆ పాత వరుస మీద పెద్ద గొడవ లేచింది. రెండు వారాలు తిరక్కుండానే తప్పుకున్నారు.

దీన్ని ఒక వర్గం వేధింపు అంటుంది, ఇంకో వర్గం నాయకత్వానికి జవాబుదారీ అంటుంది. సుప్రీంకోర్టులోనూ ఈ చీలిక ఉంది, చిత్రంగా అది లిబరల్, కన్సర్వేటివ్ గీత మీద పడలేదు. సిటిజన్స్ యునైటెడ్ కేసులో ఎనిమిది మంది జడ్జీలు వివరాల వెల్లడిని సమర్థించారు. క్లారెన్స్ థామస్ ఒక్కరే విభేదించారు, ఈ 8వ ప్రతిపాదన దాతలకు ఎదురైన బెదిరింపులనే ఎత్తిచూపుతూ. అంతే కరుడుగట్టిన కన్సర్వేటివ్ ఆంటొనిన్ స్కాలియా మాత్రం, రాజకీయ చర్యలకు బహిరంగంగా నిలబడే పౌర ధైర్యం లేకపోతే ప్రజాస్వామ్యం నిలవదన్న ధోరణిలో అదే ఏడాది మరో కేసులో రాశారు.

ఉద్యోగికి రక్షణ ఉందా? వాక్‌స్వాతంత్ర్యపు హామీ ప్రభుత్వాన్ని కట్టేస్తుంది గానీ ప్రైవేటు యజమానిని కాదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల కార్మిక చట్టాలు ఉద్యోగి రాజకీయ కార్యకలాపాల్లో యజమాని తలదూర్చడాన్ని కొంతమేర అడ్డుకుంటాయి. అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం లేదు.

దీనికి పూర్తిగా తలకిందులైన సందర్భం కూడా ఉంది: ఉద్యోగి సొంత విరాళం కంపెనీ మెడకు చుట్టుకోవడం. రాష్ట్రాల పెన్షన్ నిధులను మదుపు చేసే సంస్థలకు అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2010లో ఒక నియమం పెట్టింది. ఆ సంస్థలోని కీలక ఉద్యోగి ఎవరైనా, పెన్షన్ నిధుల మీద అధికారం ఉన్న నాయకుడికి 350 డాలర్లకు మించి ఇస్తే, సంస్థ ఆ నిధి నుంచి రెండేళ్ళపాటు ఫీజు తీసుకోకూడదు. ఆ నాయకుడికి ఓటేసే హక్కు ఉద్యోగికి లేకపోతే పరిమితి 150కి దిగుతుంది. దురుద్దేశం ఉందని నిరూపించక్కర్లేదు. 2024లో అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్‌ను ఎంచుకోగానే ఈ నియమం వాల్‌స్ట్రీట్‌లో చర్చకొచ్చింది. గవర్నర్‌గా ఆయన పెన్షన్ నిధులు చూసే ఆ రాష్ట్ర పెట్టుబడుల బోర్డులో సభ్యుడు మరి. ఈ నియమంలో ఉద్యోగి చందా కంపెనీదేనని చట్టమే ముందుగా అనేసుకుంది.

పట్టుకునేదెవరు?

2022 నవంబరులో క్రిప్టో కంపెనీ ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. దాని ఉన్నతోద్యోగుల్లో ర్యాన్ సలామే రిపబ్లికన్లకు, నిషాద్ సింగ్ డెమోక్రాట్ల వైపుకు భారీగా ఇచ్చారు. రికార్డులో అవి వాళ్ళ సొంత విరాళాలు. డబ్బు కంపెనీల నుంచి వచ్చిందని తర్వాత తేలింది. ఇద్దరూ 2023లో నేరం ఒప్పుకున్నారు. స్టైన్‌బ్రెన్నర్ నాటి ఎత్తే, కాకపోతే సున్నాలు పెరిగాయి.

బినామీ కానివీ ఉన్నాయి. ఉద్యోగి తన ఆఫీసు కంప్యూటర్ మీద వారానికి ఒక గంట లేదా నెలకు నాలుగు గంటలలోపు సొంత ప్రచారపు పని చేసుకుంటే ఎఫ్ఈసీ పట్టించుకోదు. కంపెనీయే తన సిబ్బందిని, సామగ్రిని పెట్టి విరాళాల విందులు నడిపితే నేరం. గృహరుణాల సంస్థ ఫ్రెడ్డీ మ్యాక్ 2006లో ఇలాంటి వ్యవహారానికే 38 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అప్పటికి అదే ఎఫ్ఈసీ చరిత్రలో అతి పెద్దది.

ఎఫ్ఈసీలో ఆరుగురు సభ్యులు, ఒక పార్టీవాళ్ళు ముగ్గురికి మించకూడదు, ముఖ్యమైన ఏ నిర్ణయానికైనా నాలుగు ఓట్లు కావాలి. పార్టీల ప్రకారం చీలితే మూడు, మూడు దగ్గర ఆగిపోతుంది. 2019లో ఒకసారి, 2025 మే నెలలో మళ్ళీ, నలుగురు సభ్యులు కూడా మిగలక కోరమే లేకుండా పోయింది.

వీసా మీద ఉన్న ఉద్యోగి

చివరిది చాలా తెలుగు ఇళ్ళకు నేరుగా తగిలే సంగతి. అమెరికా పౌరులు ఇవ్వొచ్చు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళూ ఇవ్వొచ్చు. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఇవ్వకూడదు. ఎంతకాలంగా ఉంటున్నా, ఎంత పన్ను కడుతున్నా అంతే. ఫెడరల్ ఎన్నికలకే కాదు, రాష్ట్ర, స్థానిక ఎన్నికల అభ్యర్థులకూ ఇదే నిషేధం. కంపెనీ పీఏసీ డబ్బు ఎవరికివ్వాలన్న నిర్ణయంలోనూ వాళ్ళు పాలుపంచుకోకూడదు. కాబట్టి "ఫలానా కంపెనీ ఉద్యోగులు" అని పట్టికలో చూసినప్పుడు వీసా మీద పనిచేసేవాళ్ళెవరూ ఆ లెక్కలో ఉండరు, ఉండకూడదు.

ఇది అన్యాయమని ఇద్దరు కోర్టుకెళ్ళారు. న్యూయార్క్‌లో తాత్కాలిక వీసా మీద లాయరుగా పనిచేస్తున్న బ్లూమన్ అనే కెనడా పౌరుడు, ఆయనతో పాటు ఒక యువ డాక్టరు. బ్లూమన్‌కు కొందరు అభ్యర్థులకు చందా ఇవ్వాలని, ఒబామాను మళ్ళీ గెలిపించమని సొంత ఖర్చుతో కరపత్రాలు వేసి సెంట్రల్ పార్కులో పంచాలని కోరిక. పన్నులు కడుతున్నాం, చట్టాలకు లోబడి ఉన్నాం, మాకు గొంతు ఎందుకుండదన్నది వాళ్ళ ప్రశ్న. ప్రజాస్వామ్య స్వపరిపాలనలో ఎవరు పాల్గొనాలో నిర్ణయించుకునే హక్కు రాజకీయ సమాజానికి ఉంటుందన్నది ప్రభుత్వ వాదన. 2011లో ముగ్గురు జడ్జీల కోర్టు ప్రభుత్వం వైపే తీర్పునిచ్చింది. తీర్పు రాసింది ఇప్పటి సుప్రీంకోర్టు జడ్జి బ్రెట్ కావనా. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వాదనలు కూడా వినకుండానే ఖాయం చేసింది.

దాంతో గీత విచిత్రమైన చోట పడింది. వీసా మీద ఉన్న ఉద్యోగి వలస చట్టాలు మార్చాలని సొంత డబ్బుతో కరపత్రం వేసి అదే పార్కులో పంచవచ్చు, ఎందుకంటే అది ఒక అంశం మీద అభిప్రాయం. ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండి అన్న కరపత్రానికి అచ్చు ఖర్చు మాత్రం పెట్టకూడదు. ఆ అభ్యర్థి ఆఫీసువాళ్ళే అచ్చేసిన కట్ట చేతికిస్తే, జీతం తీసుకోని వలంటీరుగా రోజంతా నిలబడి పంచినా చట్టానికి అభ్యంతరం లేదు.